ముత్యాలమ్మకు టేకు దండ

దుబాయ్ వెళ్లబోయే పిల్లలు నా దగ్గరికి సలహాకి వస్తుంటారు. వాళ్లు అడిగేది ఒకటి, నేను చెప్పేది ఇంకొకటి. జీతమెంత, రూములో ఎంతమంది, ఫోన్‌లో సిగ్నల్ అందుతుందా అని వాళ్లు అడుగుతారు. నేను ముత్యాలమ్మ సంగతి ఎత్తుకుంటాను. సగం మంది టీ తాగేసి లేచిపోతారు. ఆ లేచిపోయిన సగం కోసమే ఇవాళ దీన్ని కాగితం మీద పెడుతున్నాను. కాగితానికి టీ ఇవ్వక్కర్లేదు, అదొక లాభం.

గోరంతలు కొండంతలు చేస్తానని మా ఇంటావిడ పెళ్లయిన నాటి నుంచి నా మీద ఫిర్యాదు చేస్తూనే ఉంది. ఒప్పుకుంటాను. ఇందులో కనిపించే కొండలన్నీ నావే. అడుగున ఉన్న గోరు మాత్రం నిజం.

ఇంకో మాట. ఎవరి పేరూ రాయను. వాళ్లలో కొందరున్నారు, కొందరు లేరు. ఉన్నవాళ్లు తంతారు, లేనివాళ్లు వచ్చి తప్పు దిద్దలేరు. ఇందులో పేరున్నది ఒక్క ముత్యాలమ్మకే. అదీ మేం పెట్టిన పేరే. ఆమె అసలు పేరు భూమ్మీద ఎవరికీ తెలియదు.

ఎనభైల మొదట్లో నేను అల్ ఐన్‌లో ఒక ఫర్నిచర్ వర్క్‌షాపులో పాలిష్ పని చేసేవాణ్ణి. అల్ ఐన్ దుబాయ్‌లో లేదు. అబుదాబి వైపు, ఇసుక మధ్య, ఖర్జూర తోటల ఊరు. కానీ మా కరీంనగర్ జిల్లాలో ఆ తేడా ఎవరికి కావాలి? మస్కట్ పోయినవాడూ, కువైట్ పోయినవాడూ, ఆఖరికి బొంబాయిలో ఏజెంటు చేతిలో మోసపోయి భీవండిలో మగ్గం నేస్తున్నవాడూ, అందరూ దుబాయ్ పోయినవాళ్లే.

మా షెడ్డు రేకులది. ఎండాకాలంలో పాలిష్ డబ్బా మూత తీస్తే చాలు, పాలిష్ తనంతట తానే లేచి వెళ్లి కుర్చీకి అంటుకునేది. చలికాలంలో ఎండ కాస్త మర్యాదగా ఉండేది. నేను చెప్పబోయేది అలాంటి ఒక చలికాలం సంగతి.

అక్కడ మమ్మల్ని పేరు పెట్టి పిలిచినవాడు లేడు. వడ్రంగి అయితే నజ్జార్, రంగులవాడైతే సబ్బాగ్, ఏమిటో తెలియకపోతే రఫీక్. మా పేర్లు ఉండే చోటు ఒకటుంది. అది పాస్‌పోర్టు. పాస్‌పోర్టులన్నీ ఇనప్పెట్టెలో ఉండేవి. ఇనప్పెట్టె తాళంచెవి ముదీర్ మెడలో ఉండేది. మేనేజర్ని అక్కడ ముదీర్ అంటారు. మా ముదీర్ బొంబాయి మనిషి. కథల్లో రాక్షసుడి ప్రాణం చిలకలో ఉంటుంది చూడండి, మా పదిహేను మంది ప్రాణాలు ఆయన తాళంచెవిలో ఉండేవి. ఆయన స్నానానికి వెళ్లినా దాన్ని తీసేవాడు కాదు. సబ్బు నురగతో తాళంచెవి తళతళా మెరిసేది. మా వర్క్‌షాపు మొత్తంలో నేను పాలిష్ పెట్టకుండా మెరిసిన వస్తువు అదొక్కటే.

వడ్రంగుల పెద్దను అందరూ ఉస్తాద్ అనేవారు. జగిత్యాల దగ్గరి పల్లె ఆయనది. నేను పెద్దన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. మాట బయటికి రావాలంటే ముందు దాన్ని చిత్రిక పట్టి, అంచులు నున్నగా చేసి, అప్పుడు వదిలేవాడు. అంత శ్రమ ఎందుకని చాలాసార్లు వదిలేవాడే కాదు. నేను రోజుకు మాట్లాడినంత ఆయన ఏడాదికి మాట్లాడేవాడు.

అంతకు ముందటి ఏడు మాఘమాసంలో ఆయన తల్లి చనిపోయింది. పక్క ఊరివాడొకడు సెలవు నుంచి తిరిగొస్తూ ఆ కబురు తెచ్చాడు. అప్పటికే అక్కడ దినాలన్నీ అయిపోయాయి. ఈయన ఒక్కడే కొడుకు. తలకొరివి చిన్నాయన కొడుకు పెట్టాడట. కబురు విన్న పూట పెద్దన్న ఒక తలుపు బిగించడం పూర్తి చేసి, వెళ్లి ముదీర్‌ను సెలవు అడిగాడు. హోటల్ తలుపుల పని సగంలో ఉంది, ఎలా కుదురుతుందన్నాడు ముదీర్. పెద్దన్న మళ్లీ అడగలేదు. హోటల్ తలుపులయ్యాయి, స్కూలు బల్లలయ్యాయి, ఇంకేవో అయ్యాయి. ఏడాది తిరిగొచ్చింది.

"యాడాదికన్న పోవాలె తమ్మీ," అన్నాడు ఒక సాయంత్రం. "కొరివి పెట్టలే. పిండమన్న పెట్టకపోతే నేనెందుకు కొడుకును?"

అప్పుడు మా చేతిలో ఉన్నది ఒక అర్బాబ్ గారి కొత్త విల్లా పని. అర్బాబ్ అంటే యజమాని, మారాజు అన్నంత బరువుతో అనాలి ఆ మాటను. ఆ విల్లాలో మగ అతిథులు కూర్చునే పెద్ద హాలు, మజ్లిస్, దాని చెక్కపని అంతా మాదే. మజ్లిస్ అర్బాబ్‌కు అప్పజెప్పిన రోజు నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతానని ముదీర్ పెద్దన్నకు మాటిచ్చాడు. అప్పటి నుంచి పెద్దన్న పొద్దుగూకగానే షెడ్డు బయటికి వచ్చి ఆకాశం చూసేవాడు. మాఘ పున్నమి వెళ్లిన ఐదో నాడు వాళ్లమ్మ తిథి. అందరూ గోడ మీది కేలెండర్ చూస్తే ఆయన చంద్రుణ్ణి చూసుకునేవాడు.

అలాంటప్పుడు వచ్చింది ఆమె, పెట్టెలో.

మజ్లిస్ అలంకరణ బాధ్యత ఒక ఇంగ్లిష్ మేడమ్‌ది. ఆమె గొడుగు, టోపీ, నల్లకళ్లద్దాలు, వీటన్నిటి మధ్య ఎక్కడో ఆమె కూడా ఉండేది. ఓడలో వచ్చిన పటానికి ఫ్రేము మూల విరిగిందని దాన్ని మా షెడ్డుకు పట్టించుకొచ్చింది. ఆ పెట్టెలో మా ఊరి బర్రెలు మూడు సుఖంగా పడుకోవచ్చు. మేకులు పీకుతుంటే నా యవ్వనం సగం అయిపోయింది. లోపల గడ్డి, గడ్డిలో కంబళి, కంబళిలో కాగితం, కాగితంలో ఇంకో కాగితం. అన్నీ విప్పితే చివరికి తేలింది మూరన్నర ఎత్తు చెక్క పటం.

మేమందరం ముఖం చూడటానికి ఎగబడ్డాం. పెద్దన్న పటాన్ని తిప్పి వీపు చూశాడు. వేలితో నిమిరాడు.

"మూడు పలకలు అతికిన్రు. అతుకు దొరుకుతలేదు సూడు," అన్నాడు. "గీ వడ్లాయన పేరేందో అడుగు."

నాకొచ్చిన ఇంగ్లిష్‌లో అడిగాను. మేడమ్ నవ్వింది. చెక్క అతికినవాడి పేరు కాదు కదా, బొమ్మలో ఉన్న ఆమె పేరే ఎవరికీ తెలియదంది. ఇటలీ దేశం, నాలుగైదు వందల ఏళ్ల నాటి మనిషి, గొప్పింటి స్త్రీ, అంతే. ఫ్రేము కింద ఇత్తడి రేకు మీద కూడా అదే చెక్కి ఉంది. గొప్పింటి స్త్రీ, పేరు తెలియదు.

పెద్దన్నకు చెప్పాను.

"పేరు తెల్వనోళ్లకు గొప్పింటిదన్నది ఎట్ల తెలిసిందట?"

"సొమ్ములు జూసి చెప్పిన్రేమో."

"అంతే ఉంటది," అన్నాడు. పటాన్ని ఇటు తిప్పి అప్పుడు ముఖం చూశాడు.

ఆ నుదురు. పిల్లలూ, ఆ నుదుటి మీద మా ఊరివాళ్లు రెండు జట్లుగా కబడ్డీ ఆడుకోవచ్చు. అంత నుదురు కింద కనుబొమ్మలు ఉన్నాయా లేవా అని మాలో మాకు పందెం పడింది. తేల్చడానికి నా టార్చిలైటు బ్యాటరీలు ఖర్చయ్యాయి. ఎర్ర మఖమలు జాకెట్టు. ఒక్కో చేతి గుడ్డతో మనకు రెండు పరుపులవుతాయి. జడలో ముత్యాలు, మెడలో ముత్యాలు, జాకెట్టు అంచున ముత్యాలు. ఇక పెదవులు. నవ్వుదామని బయల్దేరి, దారిలో ఏదో గుర్తొచ్చి ఆగిపోయిన పెదవులు. ఇక్కడ మాత్రం నేనేమీ కలపడం లేదు.

విరిగిన మూల అతికి, బంగారు పూత సరిచేసేదాకా ఆమె మా షెడ్డులోనే ఉంది. ఆడమనిషి ముఖం చూసి ఏళ్లయిన పదిహేను మంది మధ్య. అయినా ఒక చిత్రం జరిగింది. ఆమె వచ్చాక షెడ్డులో బూతులు తగ్గాయి. బనీను వేసుకోకుండా తిరిగేవాళ్లు వేసుకోవడం మొదలుపెట్టారు. ఒకడు తల దువ్వుకుని పనికొచ్చాడు. ముదీర్ ఏళ్ల తరబడి అరిచి సాధించలేనిది ఆమె నోరు విప్పకుండా సాధించింది.

అర్బాబ్ తోటలో మాలీగా పనిచేసే నెల్లూరు భాయ్ ఒకడు మా దగ్గరికి టీకి వచ్చేవాడు. పటం ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"మా పిన్నమ్మ మాదిరే ఉందబ్బా," అన్నాడు.

"మీ పిన్నమ్మకు ఇన్ని ముత్యాలున్నయా భాయ్?"

"ముత్యాలు లేవులే. ఆ చూసే చూపు. చెప్పింది వినకపోతే అట్నే చూసేది." ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. "మా అర్బాబ్ దీన్ని కొనింది ముత్యాల కోసరమే. వాళ్ల నాయన సముద్రంలో మునిగి ముత్యాలు తీసేవోడంట. ఈ ముత్యాలు మా సముద్రంలోయే అయ్యుండాల అని మేడమ్‌తో చెప్పినాడు. నేను గులాబీలకు నీళ్లు పెడతా విన్నా."

ఆ పూట నుంచి ఆమె ముత్యాలమ్మ.

పెద్దన్న మాత్రం భాయ్ మాటల్లోంచి ఇంకో సంగతి పట్టుకున్నాడు. రెండు రోజులు దాన్ని చిత్రిక పట్టి మూడో రోజు నా ముందు పెట్టాడు.

"తమ్మీ, ఆమె అర్బాబ్ వాళ్ల అమ్మ."

"ఇటలీ ఆమె అన్నా. మేడమ్ చెప్పింది."

"మేడమ్‌కు మన ముంగట చెప్పుడు ఇష్టం లేదు. నువ్వే సోంచాయించు. పేరు తెల్వని మనిషి పటం ఎవలన్న గింత దూరం నుంచి గింత పైలంగ తెప్పిచ్చుకుంటరా? తెచ్చి నడిమింట్ల, పెద్ద గోడకు పెట్టుకుంటరా? ఇంట్ల నడిమి గోడకు ఎవలుంటరు? పోయిన పెద్దోళ్లుంటరు."

"అర్బాబ్ చామనచాయ మనిషి. ఈమె పాలమీగడ లెక్కుంది."

"పాతవడి రంగు ఎలిసింది."

"మరి గా జాకెట్టు ఎలవలేదేంది?"

"మంచి గుడ్డ," అన్నాడు పెద్దన్న. అంతటితో వాదన ముగిసింది.

నేను దాన్ని అక్కడికి వదిలేశాను. ఆయన మధ్యాహ్నం అన్నం వేళ టేకు చెక్కను సన్నగా చిత్రిక పట్టి, ఆ పొట్టు చుట్టల్ని ఏరి, దారంతో కట్టుకుంటూ కూర్చోవడం చూశాను. ఉల్లిపొర కంటే పలచని చుట్టలు. ఒక్కోటి పువ్వులా విచ్చుకునేది. మధ్య మధ్య సిగరెట్టు పెట్టెల్లోని బంగారు కాగితం ముక్కలు. మన ఇళ్లల్లో పోయినవాళ్ల ఫొటోలకు గంధపు చెక్క దండలు వేస్తాం చూడండి, అచ్చం అలాంటిది. షెడ్డులో ఉన్న వెంకటేశ్వరస్వామి కేలెండర్‌కు అనుకున్నాను.

అప్పజెప్పే రోజు శుక్రవారం. సాయంత్రం చేసే అస్ర్ నమాజు తర్వాత అర్బాబ్ తన పెద్దవాళ్లతో వచ్చి మజ్లిస్ చూస్తాడన్నారు. పొద్దున్నుంచి ముదీర్ మమ్మల్ని "యల్లా, యల్లా" అని తరిమిన తరుముడికి మా నీడలు కూడా చెమటలు పట్టాయి. మజ్లిస్ ఈ కొసన నిలబడి ఆ కొసకు చూస్తే అవతలి మనిషి అగ్గిపుల్లంత కనిపించేవాడు. పటం బిగించేటప్పుడు మేడమ్ ఆ అగ్గిపుల్ల దూరం నుంచి కుడికి అంది, ఎడమకు అంది, మళ్లీ కుడికి అంది. చివరికి మొదట ఎక్కడ పెట్టామో అక్కడికే వచ్చి ఆగాం. పర్ఫెక్ట్ అని మేడమ్ చప్పట్లు కొట్టింది.

బయట కార్ల చప్పుడయింది. మేడమ్, ముదీర్ ఎదురెళ్లారు. నేను కింద పడ్డ గుడ్డపేలికలు ఏరుతున్నాను. తలెత్తి చూసేసరికి పెద్దన్న నిచ్చెన దిగుతున్నాడు. ముత్యాలమ్మ మెడ మీదుగా, ఫ్రేము రెండు మూలల నుంచి, టేకు దండ వేలాడుతోంది. పెద్దన్న కిందికి దిగి చేతులు రెండూ జోడించి నిలబడ్డాడు. చెప్పాలంటే బాగుంది. ఎర్ర జాకెట్టు మీద టేకు రంగు బాగా అమరింది.

నా గుండె మాత్రం అమరలేదు. పరాయి మతం వాళ్ల ఇల్లు. మగవాళ్లు కూర్చునే చోటు. బొమ్మకు దండ. చేతులు జోడించిన మనిషి. "అన్నా, తియ్యి," అన్నాను. అప్పటికే గుమ్మంలో తెల్లటి బట్టలు కనిపించాయి.

అర్బాబ్ సన్నటి మనిషి, యాభై దాటి ఉంటాయి, చేతిలో పొట్టి బెత్తం. వెనక ఇద్దరు ముసలివాళ్లు. గోడలు, కప్పు, కిటికీలు చూసుకుంటూ నడిచి వచ్చి పటం ముందు ఆగాడు. అందరూ ఆగారు. ఏసీ ఒక్కటే ఆగలేదు. దాని హోరు నాకు ఆ పూట విమానం దిగుతున్నట్టు వినిపించింది. వెనక ఒక ముసలాయన నోట్లో ఏదో గొణుక్కున్నాడు.

"యే క్యా హై?" అన్నాడు అర్బాబ్.

ఆయనకు హిందీ వచ్చు. ఆ తరం వాళ్లకు చాలామందికి వచ్చు. కుర్రతనంలో తండ్రితో ముత్యాలు అమ్మడానికి వెళ్లి బొంబాయిలో ఏళ్ల తరబడి ఉన్నాడు. ఆయన హిందీ మా ముదీర్ హిందీ కంటే బాగుండేది. ఆ తర్వాత మాటలన్నీ హిందీలోనే నడిచాయి. పెద్దన్న హిందీ కుంటిన చోటల్లా నేను భుజం పట్టాను. ఇక్కడ మన భాషలోనే రాస్తున్నాను.

"ఎవరు పెట్టారిది?"

ముదీర్ ముందుకొచ్చాడు. "కొత్తగా వచ్చిన మనిషి అర్బాబ్, బుర్ర తక్కువ. ఇవాళే ఖలాస్ చేసి పంపించేస్తాను." ఈ కొత్త మనిషి వచ్చి ఆరేళ్లయింది.

ఖలాస్ అంటే తెలుసుగా, పనిలోంచి పీకేయడం. అక్కడి నుంచి ఇంటికి రెండు రకాలుగా వెళ్లొచ్చు, సెలవు మీద, ఖలాస్ మీద. విమానం ఒకటే. సెలవు మీద వెళ్లినవాణ్ణి చూడటానికి ఊరు ఊరంతా వస్తుంది. ఖలాస్ మీద వెళ్లినవాడి గురించి ఊరు ఊరంతా మాట్లాడుకుంటుంది. పైగా కేసు పెడితే విమానం దాకా కూడా పోనివ్వరు, తిథి ఏ జైల్లోనో గడిచిపోతుంది. పెద్దన్న ముఖం చూశాను. ఆయన ముదీర్ మెడలోని తాళంచెవిని చూస్తున్నాడు.

"నేనే పెట్టిన," అన్నాడు.

"ఎందుకు? పూజా?"

"పూజ గాదు అర్బాబ్. పూజ దేవునికి. ఇది మనిషికి. మా దిక్కు పోయిన పెద్దోళ్ల పటానికి ఏస్తం."

"ఈమె మా ఇంటి పెద్దదని నీకెవరు చెప్పారు?"

"ఎవలు జెప్పలే. గింత మంచి జాగల పెట్టుకున్నరు. మీ అమ్మ గావచ్చు అనుకున్న."

ముసలాయనల్లో ఒకాయన ఫక్కున నవ్వి, ఆ నవ్వును దగ్గులోకి మార్చుకున్నాడు. ఏమన్నాడని మేడమ్ అడిగింది. ముదీర్ చెప్పాడు. మేడమ్ పక్కనున్న సోఫాలో కూలబడింది. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. అది చేసిన చప్పుడు ఆ నిశ్శబ్దంలో ఎంత దూరం వినపడిందో రాస్తే మీరు నమ్మరు.

అర్బాబ్ నవ్వలేదు. బెత్తం కొసతో తివాచీ మీద ఏదో గీశాడు.

"మా అమ్మ ఇంత తెల్లగా ఉండేది కాదు," అన్నాడు.

"రంగు ఎలిసిందనుకున్న."

ఇప్పుడు అర్బాబ్ పెదవులు కూడా ముత్యాలమ్మ పెదవుల్లాగే బయల్దేరి ఆగిపోయాయి. పటం వైపు తిరిగి, మాకు వీపు పెట్టి మాట్లాడాడు.

"మా అమ్మకు ఫొటో లేదు. ఆమె పోయేనాటికి ఇక్కడ కెమెరా ఎవరు చూశారు? ముఖం గుర్తుందనే అనుకుంటాను. కళ్లు మూసుకుంటే ముఖం మీది ముసుగు గుర్తొస్తుంది. చెయ్యి గుర్తొస్తుంది. ముఖం రాదు." బెత్తం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "మా నాన్న ఊపిరి బిగబట్టి ఎన్ని ముత్యాలు పైకి తెచ్చాడో. అన్నీ అమ్ముడుపోయాయి. మా అమ్మ మెడలో ఒక్కటి పడలేదు. ఈమె మెడ చూసి కొన్నాను దీన్ని."

అర్బాబ్ తలెత్తి దండను చూశాడు.

"దండలు వేయడం మా పద్ధతి కాదని తెలియదా నీకు?"

"తెలుసు అర్బాబ్. మీరు ఎయ్యరు. నేనేస్తే ఏమైతదనుకున్న."

"నీకెందుకు అంత?"

పెద్దన్న సమాధానానికి చాలాసేపు పట్టింది. చిత్రిక పడుతున్నాడని నాకు తెలుసు. ఈసారి మాత్రం అంచులు నున్నగా రాలేదు.

"మా అమ్మకు కట్టిన," అన్నాడు. "నిరుడు పోయింది. నేను పోలే. దండ కట్టుడు వస్తది నాకు. ఏద్దామంటే ఆమెకు పటం లేదు."

ఈ మాటలకు నా భుజం అక్కర్లేకపోయింది. ఆయన హిందీ కుంటకుండానే నడిచింది.

అర్బాబ్ ఇటు తిరిగాడు. ఏడాదికి ఏమన్నా చేస్తారా మీరు అని అడిగాడు. చేస్తామన్నాడు పెద్దన్న. ఎవరు చేయాలి? కొడుకు. ఎంతమంది కొడుకులు? ఒక్కణ్ణే. ఎప్పుడు?

మజ్లిస్ కిటికీలు తూర్పుకు. పెద్దన్న చెయ్యెత్తి చూపించాడు. ఖర్జూర చెట్ల పైన, ఇంకా ఎండ ఉండగానే, సగం దాటిన చంద్రుడు పల్చగా కనిపిస్తున్నాడు.

"అది నిండాలె. నిండి, మళ్ల ఐదు దినాలు తరగాలె."

అర్బాబ్ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడి చూశాడు. ముసలాయనలిద్దరూ కూడా వెళ్లి చూశారు. ముగ్గురూ అరబ్బీలో ఏదో అనుకున్నారు.

"మాకూ చంద్రుడే లెక్క," అన్నాడు అర్బాబ్ తిరిగొచ్చి. ముదీర్‌ను అడిగాడు, "ఇతనికి సెలవు ఇచ్చావా?"

"మజ్లిస్ అయ్యాక ఇస్తానన్నాను అర్బాబ్. అయితే వచ్చే నెల బ్యాంకు కౌంటర్ల పని ఉంది, అది కూడా అయితే..."

పెద్దన్న తల అటు తిరిగింది. బ్యాంకు కౌంటర్ల మాట మేమిద్దరం వినడం అదే మొదలు.

"మజ్లిస్ అయింది," అన్నాడు అర్బాబ్. "చంద్రుడు నీ బ్యాంకు కోసం ఆగడు. ఇతన్ని పంపించు."

తర్వాత పటం వైపు బెత్తం ఎత్తి, "దీన్ని ఇక్కడి నుంచి తీసేయండి," అన్నాడు.

మేడమ్ సోఫాలోంచి లేచింది. ప్లాస్టిక్ మళ్లీ మాట్లాడింది. కుడికి ఎడమకు జరిపి అంత కష్టపడి కుదిర్చింది పాపం.

"నిన్నటిదాకా ఇది బొమ్మ," అన్నాడు అర్బాబ్ ఆమెతో ఇంగ్లిష్‌లో. మాకు అర్థం కావాలనేమో, మళ్లీ హిందీలో చెప్పాడు. "ఈ మనిషి వచ్చి దీన్ని ఎవరి అమ్మో చేసి పెట్టాడు. ఎవరి అమ్మనో మగవాళ్ల ముందు కూర్చోబెట్టి నేను కాఫీ తాగలేను. లోపల, ఆడవాళ్ల వైపు పెట్టించండి."

నేనూ పెద్దన్నా పటం దించాం. దండ తీసి పెద్దన్న చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు, ఎక్కడ పెట్టాలో తెలియక. అర్బాబ్ ఒక చుట్టను వేలితో తాకి చూశాడు.

"ఇది నా ఇంట్లో ఉండకూడదు," అన్నాడు. "పారేయకు కూడా."

ఆడవాళ్ల వైపు గుమ్మం దాకా మోశాం. అంతకు మించి మాకు ప్రవేశం లేదు. తెర వెనక నుంచి ఇద్దరు పనివాళ్ల చేతులు వచ్చి పటాన్ని అందుకున్నాయి. తెర పడేలోపు ముత్యాలమ్మ మా వైపు చూసిన చూపు భాయ్ వాళ్ల పిన్నమ్మ చూపే. మళ్లీ ఆమెను నేను చూడలేదు. ఆ తర్వాత అల్ ఐన్‌లో చాలా ఏళ్లు ఉన్నాను, ఆ ఇంటికే ఎన్నోసార్లు కుర్చీల పాలిష్‌కు వెళ్లాను. ఆ తెర నాకు తెరే. అసలు బొమ్మో, మేడమ్ ఎక్కడో చేయించుకొచ్చిన నకలో, అదీ నాకు తెలియదు. ఇత్తడి రేకు మాత్రం అర్బాబ్ ఊడదీయించాడు. లోపలివాళ్లకు పనికిరాదన్నాడు. అది నా దగ్గరుంది. మా ఇంటావిడ దాన్ని ఏడాదికోసారి చింతపండు పెట్టి తోముతుంది. ఎవరిదని ఇంతవరకూ అడగలేదు.

ముదీర్ మెడలోంచి తాళంచెవి తీసి ఇనప్పెట్టె తెరవడం ఆ మర్నాడు మొదటిసారి కళ్లారా చూశాం. పెద్దన్న పాస్‌పోర్టు తెరిచి తన పేరు ఉందో లేదో చూసుకున్నాడు. నేను చదివి వినిపించాను. అయినా మళ్లీ చూసుకున్నాడు.

దండను అట్టపెట్టెలో దూది మధ్య పెట్టి మోసుకెళ్లాడు. బొంబాయిలో కస్టమ్స్ వాడు దాని కోసం పదిమందిని పక్కన నిలబెట్టాడట. దుబాయ్ నుంచి ఇంత జాగ్రత్తగా తెస్తున్నాడంటే లోపల ఏ బంగారు బిస్కెట్లో ఉంటాయని దూదంతా పీకాడు. చివరికి తేలింది చెక్కపొట్టు. దులిపాడు, వాసన చూశాడు, ఎండకు పెట్టి చూశాడు. ఇంకో ఆఫీసర్ని పిలిచాడు. ఆయన కూడా వాసన చూశాడట. పోయిరా నాయనా అని చేతిలో పెట్టారు.

పెద్దన్న తిథి నాటికి చేరాడు. రెండు నెలలుండి తిరిగొచ్చాడు. వచ్చిన రోజు సాయంత్రం షెడ్డు బయట కూర్చుని ఊరి నుంచి తెచ్చిన సకినాలు పంచుతున్నాడు. నెల్లూరు భాయ్ కూడా వచ్చాడు. అందరూ అన్నీ అడిగారు. నేను అడగాల్సింది అందరూ లేచాక అడిగాను.

"దండ ఏం జేసినవన్నా?"

"యాడాది అయినంక ఇంట్ల పెట్టిన. నడిమింట్ల గోడకు మేకు కొట్టి."

"పటం లేదు గదా?"

"లేదు. ఉత్త దండనే." సకినం విరిచి సగం నాకిచ్చాడు. "వచ్చినోళ్లు వచ్చినట్టే అడిగిన్రు, పటమేదిరా అని."

"ఏం చెప్పినవ్?"

"దుబాయ్‌ల ఉన్నదని చెప్పిన."